చెప్పుటయు, నేర్పుటయు

దుబ్బాక మగ్గముల ఊరు. గుంటమగ్గమున కూర్చున్న తండ్రి తన కుమారునకు నేత నేర్పు విధమును చూచినవారికి ఒక సంగతి బోధపడక మానదు. ఆయన ఉపన్యసింపడు. మొదట కండెలు చుట్టించును. పిదప తెగిన పోగును అతుకనిచ్చును. కొంతకాలమునకు నాడెను చేతికిచ్చి తాను ప్రక్కన కూర్చుండును. బాలుడు చేసిన తప్పు ఆ క్షణముననే గుడ్డపై కనబడును. తండ్రి దానిని చూపును, విప్పించును, మరల నేయించును. గుడ్డ సరిగా వచ్చువరకు తాను నేర్పితినని ఆయన తలపడు.

ఆ మగ్గము ప్రక్కనుండి లేచి, ఇంటరు ముగించుకొని, సిద్దిపేటకో హైదరాబాదునకో డిగ్రీ చదువునకు పోవు బాలబాలికలకు అచ్చట ఎట్టి బోధన లభించుచున్నది? అధ్యాపకుడు వచ్చును, హాజరు పిలుచును, నోట్సు చెప్పును. వినువారు తలలు వంచి వ్రాసికొందురు. వ్రాసినది తెలిసినదా లేదా యని అడుగువాడు లేడు. తెలియలేదని చెప్పు ధైర్యము వెనుక బల్లలవారికి లేదు. గంట కొట్టుటతో పాఠము ముగియును. పరీక్షకు ముందు పదిదినములు ఆ నోట్సునే వల్లెవేసి, పరీక్షయందు ఒలకబోసి, పట్టము చేతబట్టుకొని యువకుడు ఇంటికి వచ్చును. అప్పటికి మగ్గము చేతికి అలవాటు తప్పినది, విద్య తలకెక్కలేదు. అన్ని కళాశాలలును ఇట్లే యున్నవని మేమనుట లేదు. శ్రద్ధాళువులగు అధ్యాపకులు ప్రతి కళాశాలయందును కొందరు కలరు. కాని వారు తమ స్వభావముచే ఉత్తములైరేగాని, మన విద్యావిధానము వారిని అట్లు తీర్చినది కాదు. ఇదియే మా విచారమునకు మూలము.

చెప్పుట వేరు, నేర్పుట వేరు. చెప్పుట గురువు నోటితో ముగియును. నేర్పుట శిష్యుని బుద్ధిలో ముగియును. విన్నవానికి తెలిసినదో లేదో కనుగొనక ముందునకు సాగిన పాఠము ఎంత పాండిత్యభరితమైనను బోధన కానేరదు. కళాశాలాధ్యాపకులు ఈ యొక్క సూత్రమును అవలంబించినచో, మన ఉన్నతవిద్యకు పట్టిన జాడ్యములో పెద్ద పాలు వదలునని మా నమ్మకము.

ఈ జాడ్యము నేటిది కాదు. 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు స్థాపించిన పరప్రభుత్వము వానిని ఆనాటి లండను విశ్వవిద్యాలయపు మాదిరిగ ఏర్పరచినది. అవి బోధించు సంస్థలు కావు, పరీక్షించు సంస్థలు. కళాశాలలు పిల్లలను పరీక్షకు సిద్ధపరచి పంపుట, విశ్వవిద్యాలయము పట్టములొసగుట, ఇంతవరకే పని. బోధన పరీక్షకు దాసియైనది అప్పుడే. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే, 1948-49 సంవత్సరములందు, మన తెలుగునాట రాజమహేంద్రవరపు కళాశాలయందు అధ్యాపకత్వము నెరపి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగ నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతను ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము ఈ లోపమును స్పష్టముగ గుర్తించినది. ఉపన్యాసములను ముందుగ జాగ్రత్తతో సిద్ధపరచుకొనవలెననియు, గ్రంథాలయమునందలి చదువు, వ్రాతపని, చిన్న గుంపులతో గురువు జరుపు చర్చ వానికి తోడు కావలెననియు సిఫారసు చేసినది. ఏ విషయమునకును ఫలానా గ్రంథమే పాఠ్యమని నిర్ణయింపరాదని కూడ చెప్పినది. ఏడు దశాబ్దములు దాటినను ఆ సిఫారసులు చాలవరకు కాగితముపైననే నిలిచినవి.

మనకు మంచి మాదిరులు లేకపోలేదు. 1910వ సంవత్సరమున కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి బందరున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలయందు గ్రంథవిద్యతోబాటు చేతిపనియు విద్యగనే గౌరవింపబడినది. చేసి నేర్చుకొనుట విద్యలో భాగమని ఆ మహనీయులు నూరేండ్లకు పూర్వమే గ్రహించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కళాశాలయందును, పిమ్మట 1905 మొదలు 1919 వరకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలయందును అధ్యక్షులుగ నుండి, తమ శిష్యుల జీవితములనే మార్చివేసిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వారి శిష్యకోటిలోనివారే. గురువు తన ఎదుటనున్న శిష్యుని ఎరిగియుండుటయే ఆ ప్రభావమునకు కారణము.

ఇప్పుడొక వింతను పాఠకులు గమనింపవలెను. ఒకటవ తరగతి పిల్లలకు అక్షరములు దిద్దించు ఉపాధ్యాయుడు బోధనాశాస్త్రమున శిక్షణ పొంది తీరవలయునని మన నిబంధనలు చెప్పుచున్నవి. డిగ్రీ తరగతులకు బోధించువానికి మాత్రము అట్టి నియమము లేదు. స్నాతకోత్తర పట్టము, అర్హతా పరీక్షయో పరిశోధన పట్టమో ఉన్న చాలును. విషయము తెలిసినవానికి చెప్పుటయు తెలియునని మనము ఊహించుకొనినాము. నేత తెలిసిన ప్రతివాడును నేత నేర్పలేడని దుబ్బాకలో ఏ సాలెవానిని అడిగినను చెప్పును. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 1987 నుండి అధ్యాపకుల కొరకు శిక్షణాకేంద్రములను నెలకొల్పిరి. 2019వ సంవత్సరమున 'గురుదక్షత' యను పేర, క్రొత్తగ చేరిన అధ్యాపకులకు ఒక నెల శిక్షణను ఏర్పరచిరి. ఇవి మెచ్చదగినవే. కాని ఒక నెల శిక్షణ ముప్పది యేండ్ల ఉద్యోగమునకు చాలునా? తోటివాడు తన తరగతికి వచ్చి వెనుక బల్లపై కూర్చుండి మంచిచెడ్డలు చెప్పు ఆచారము మన కళాశాలలలో ఎన్నింట కలదు?

పాఠము చెప్పుచు పోవుటకంటె విద్యార్థిచే పని చేయించుట మేలనుట కేవలము అభిప్రాయము కాదు. లెక్కకు నిలిచిన సత్యము. అమెరికాలో విజ్ఞానశాస్త్ర, గణిత, ఇంజనీరింగు తరగతులను గూర్చిన 225 పరిశోధనలను పరిశీలించి 2014వ సంవత్సరమున ప్రకటించిన ఒక వ్యాసమున తేలినదేమనగా, కేవలము ఉపన్యాసము విను తరగతులలో నూటికి దాదాపు 34 మంది తప్పిపోగా, ప్రశ్నలు, చర్చలు, లెక్కలు చేయుట మున్నగు పనులతో నడచు తరగతులలో తప్పినవారు 22 మంది మాత్రమే. హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూర్ అను అధ్యాపకుడు 1991 నుండి ఒక సులభమైన పద్ధతిని అనుసరించెను. కొంత చెప్పి ఒక ప్రశ్న వేయును. ప్రతివాడును తన జవాబు తాను నిర్ణయించుకొనును. పిదప ప్రక్కవానితో చర్చించి మరల జవాబు చెప్పును. తరగతిలో ఎందరికి తెలిసినదో అప్పుడు గురువునకు కనబడును. దానినిబట్టి ముందునకు సాగుటయో, మరల చెప్పుటయో చేయును. మగ్గముపై తప్పు వెంటనే కనబడినట్లు, ఇచ్చట తెలియమి వెంటనే కనబడుచున్నది.

ఇందులకు యంత్రములు అక్కరలేదు. మన అధ్యాపకుడు రేపటి నుండియే దీనిని ఆరంభింపవచ్చును. పాఠకాలమును మూడు భాగములు చేసికొని, ఒక్కొక్క భాగము చివర ఒక ప్రశ్న వేయవలెను. 'తెలిసినదా?' యను ప్రశ్న ప్రశ్నయే కాదు. దానికి తరగతి యంతయు ఒక్క గొంతుతో 'తెలిసినది సార్' అనును. పాఠమును వాడిన తప్ప జవాబు రాని ప్రశ్న వేయవలెను. వ్రేళ్లెత్తించియో, చీటీపై వ్రాయించియో అందరి జవాబును రాబట్టవలెను. ముందు బల్లపై నున్న ఇద్దరు ముగ్గురు చురుకైనవారి జవాబుతో తృప్తి పడరాదు. గంట కొట్టుటకు ముందు ఒక్కొక్కరిచే చిన్న చీటీ వ్రాయించి, 'నేడు తెలిసినదేమి, తెలియనిదేమి' యని పేరు లేకుండ చెప్పనిచ్చినచో, నోరు విప్పలేని పిల్లయు తన సందేహమును దాచుకొనదు. మరుసటి దినము ఆ చీటీలకు సమాధానము చెప్పుటతో పాఠము మొదలుపెట్టవలెను. దీనికగు వ్యయము చిత్తుకాగితపు ముక్కలు మాత్రమే.

రెండవ సంగతి భాష. నేడు డిగ్రీ తరగతులలో ఆంగ్లమాధ్యమమే ప్రబలమైనది. తెలుగుబడిలో చదివివచ్చిన రైతు బిడ్డ మొదటి యేడు విషయముతోనేగాక వాక్యముతోను పెనుగులాడుచున్నాడు. ఈ బాధ మన నేలకు క్రొత్తది కాదు. 1918వ సంవత్సరమున హైదరాబాదున నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యను దేశభాషలో బోధింపవచ్చునని ప్రప్రథమమున నిరూపించినది. అందులకై 1917లోనే అనువాదశాఖను నెలకొల్పి గ్రంథములను సిద్ధపరచిరి. అది ఘనకార్యము. కాని ఆ భాష ఉర్దూ. రాజ్యమున దాదాపు సగము మందికి తల్లిభాషయైన తెలుగునకు ఆ భాగ్యము కలుగలేదు. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడిన పిమ్మట కళాశాలలకు తెలుగు గ్రంథములు వెలువడినవి. ఇప్పుడు గాలి మరల ఆంగ్లము వైపు వీచుచున్నది. ఉద్యోగముల కొరకు తల్లిదండ్రులు ఆంగ్లమును కోరుట సహజము. వారిని మేము నిందింపము. కాని పరీక్ష ఏ భాషలో నున్నను, బోధపరచుట శిష్యునకు తెలిసిన భాషలోనే జరుగవలెను. మొదట తెలుగున భావమును నాటి, పిమ్మట ఆంగ్లపు పారిభాషిక పదమును, వాక్యమును అభ్యాసము చేయించుట ఉభయతారకము. తెలుగున అర్థము చెప్పుట తమ స్థాయికి తక్కువయని తలచు అధ్యాపకులు గిడుగు రామమూర్తిగారిని తలచుకొందురుగాక! పర్లాకిమిడి కళాశాలాధ్యాపకులైన ఆ పండితుడు సవరల పిల్లలకు చదువు చెప్పుటకై సవరభాషను తాను నేర్చికొనెను. ఆయన సాగించిన భాషోద్యమము సైతము పిల్లలకు తెలుగు బోధించుట యెట్లను ప్రశ్న నుండి పుట్టినదే.

మూడవది, పాఠమును ఊరితో ముడిపెట్టుట. దుబ్బాక ప్రాంతము బోధకునకు పెన్నిధి. రసాయనశాస్త్రము చెప్పువానికి నూలునకు రంగులద్దు తొట్టి యున్నది. గణితము చెప్పువానికి పడుగు పోగుల లెక్కయు, జాకార్డు అట్టలపై రంధ్రముల వరుసయు ఉన్నవి. వాణిజ్యము చెప్పువాడు చేనేత సహకార సంఘపు జమాఖర్చులను, నూలు ధరకును కూలికిని గల సంబంధమును ప్రశ్నగా వేయవచ్చును. సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు నేతగాని చేతికి ఏమి తెచ్చినదో కనుగొనిరమ్మని విద్యార్థులను పంపవచ్చును. తొగుట మండలమున 50 టీ.ఎం.సీ.ల సామర్థ్యముతో నిర్మించిన మల్లన్నసాగరము 2022వ సంవత్సరమున ప్రారంభింపబడినది. నీటి యొత్తిడి మొదలు 2013 నాటి భూసేకరణ చట్టము వరకు, సేద్యమునకు కలిగిన లాభము మొదలు మునిగిన గ్రామముల వారి కష్టము వరకు, నాలుగైదు శాస్త్రముల పాఠములు ఆ కట్టపైన నిలిచి చెప్పవచ్చును. ఎగువ మానేరున కలియు కూడవెల్లి వాగును చూపక, ఎన్నడును చూడని నదుల పేరులు వ్రాయించుటలో ప్రయోజనమేమి? తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవుట బోధనకు రాచబాట.

నాలుగవది, వ్రాతపని. కళాశాలలలో పిల్లలు వ్రాయు కాగితములు చాల; వానిలో దిద్ది తిరిగియిచ్చునవి కొలది. చదివినదానినే మరల మరల చదువుటకంటె, పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొని వ్రాయుటవలన విద్య ఎక్కువ కాలము నిలుచునని 2006లో ప్రకటింపబడిన ప్రయోగములు చూపినవి. మన పూర్వులు పాఠము అప్పజెప్పించుటలో ఈ గుణమే యుండెను. అర్థము తెలియకయే అప్పజెప్పించుట అందలి దోషము. కాబట్టి వారమునకొక చిన్న పరీక్ష, మార్కులకొరకు గాక తప్పులు తెలిసికొనుటకొరకు, జరుపవలెను. దిద్దిన కాగితము రెండు మూడు దినములలో శిష్యుని చేతికి రావలెను. ఆరుమాసముల తరువాత వచ్చు మార్కుల పట్టిక వానికి ఏమియు నేర్పదు.

ఇందులకు ఆక్షేపణలు రాకపోవు. పాఠ్యప్రణాళిక కొండంత, కాలము గోరంత యనెదరు. నిజమే. 2016-17 నుండి తెలంగాణమున డిగ్రీ చదువు సెమిస్టరు పద్ధతికి మారినది. ఒక పరీక్ష ముగియకమునుపే మరియొకటి తలుపు తట్టుచున్నది. కాని అంతయు చెప్పి ఏమియు నేర్పకుండుటకంటె, ముఖ్యమైనవి నేర్పి మిగిలినవానిని స్వయముగ చదువుకొను శక్తి కలిగించుట మేలుగదా! సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి గల సంస్థలకు పరీక్షలను, ప్రణాళికలను తీర్చుకొను స్వాతంత్ర్యము కొంత కలదు. అట్టివి దారి చూపవలెను. విద్యార్థులకే ఈ పద్ధతి నచ్చదని మరికొందరందురు. ఇందును కొంత సత్యమున్నది. హార్వర్డులోనే జరిపి 2019లో ప్రకటించిన ఒక పరిశోధనయందు, స్వయముగ పని చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చికొనియు, తాము తక్కువ నేర్చికొంటిమని తలచిరి. చక్కని ఉపన్యాసము విన్నవారు తక్కువ నేర్చియు ఎక్కువ నేర్చితిమని సంతోషించిరి. శ్రమ కష్టముగ నుండును, శ్రవణము సుఖముగ నుండును. ఈ సంగతిని సంవత్సరారంభముననే అధ్యాపకుడు శిష్యులకు విప్పి చెప్పవలెను.

అధ్యాపకునిపై భారము మోపి ప్రభుత్వమును విడిచిపెట్టుట మా యుద్దేశము కాదు. గంటల లెక్కన వేతనము పొందుచు, వచ్చు సంవత్సరము ఉద్యోగముండునో లేదో యెరుగని అతిథి అధ్యాపకుని నుండి శిష్యుల కాగితములు ఇంటికి గొనిపోయి దిద్దుమని కోరుట న్యాయమా? దిద్దుటకు వానికి లెక్కగట్టిన గంట యేది? ఖాళీలను శాశ్వతముగ పూరింపక, శిక్షణకు కాలమీయక, నూరుగురిని ఒక్క గదిలో గ్రుక్కి, ఫలితములు తగ్గినవని అధ్యాపకుని నిలదీయుట ధర్మము కాదు. బోధనలో శిక్షణ పొందుటను ఉద్యోగమునకు అర్హతగ చేయవలెను. ఆ శిక్షణ కాలమునకు వేతనమీయవలెను. పదోన్నతికి అచ్చువేసిన వ్యాసముల లెక్కతోబాటు తరగతిలోని పనిని కూడ గణింపవలెను. నేర్పుటకు విలువ లేనిచోట నేర్పరులు పుట్టరు.

తుదకు మా పాఠకులకొక మాట. పొలము గలవారును, పట్టణములందు పలుకుబడి గలవారును కళాశాలను గూర్చి అడుగునది సాధారణముగ రెండే: ఉత్తీర్ణులెందరు, ఉద్యోగములెన్ని. ఇకమీదట మూడవ ప్రశ్నయు అడుగుడు. మీ యింటికి వచ్చిన విద్యార్థిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 'ఈ వారము నీవు నేర్చిన దానిలో ఒకటి నాకు తెలుగున బోధపరచుము' అని కోరుడు. చెప్పగలిగెనా, ఆ గురువునకు కృతజ్ఞత తెలుపుడు. చెప్పలేక నోట్సు పుస్తకము కొరకు వెదకెనా, వానిని కసరకుడు. కళాశాలకు పోయి మర్యాదగ విచారింపుడు. బావిలో నీరు పడినదో లేదో చూడక కూలి చెల్లించు రైతు లేడు. బిడ్డల చదువు విషయమున మాత్రము మనము త్రవ్విన లోతును విని సంతుష్టులమగుచున్నాము.

చేనేతను ఒక కులపు పుట్టువిద్యగ తండ్రి కొడుకునకు నేర్పెను. ఇతరులకు ఆ గుంట చెంతకు ప్రవేశము లేకుండెను. ఆ నేతగానికి సైతము ఎంత నేర్పున్నను అన్నము చాలక బిడ్డలు షోలాపూరు, భీవండి పట్టణములకు వలసపోయిరి. కాబట్టి మగ్గమునకు తిరిగి పొండని మేము చెప్పుట లేదు. కులమేదైనను, మగవాడైనను ఆడుదియైనను, ఎవరు వచ్చినను విద్య యిచ్చుటకే కళాశాల పుట్టినది. వాకిలి అందరికిని తెరచినాము. లోనికి వచ్చినవానికి విద్య అందినదో లేదో చూచుట మిగిలియున్నది. అది జరుగనినాడు తెరచిన వాకిలియు మోసమే. ఒక్క పోగు తెగినను మగ్గము ఆపి అతుకువేయు ఆ దుబ్బాక నేతగాని ఓర్పు మన కళాశాలాధ్యాపకులకును, వారికి తగిన వసతి కల్పించు బుద్ధి మన ప్రభుత్వమునకును కలుగుగాక యని కోరుచున్నాము.